ఏటిగట్టు పూటకూళ్ళు

ఆ పిల్ల చిట్టెమ్మ కాదు.

వీరాయమ్మ చాప అంచు మళ్ళీ కిందికి దించింది. దూరంగా ఇసకలో నిలబడిపోయిన కొడుకువైపు తిరిగి, "మన పిల్ల కాదురా," అంది.

కనకరాజు ఉన్నచోటే కూలబడ్డాడు. మురమళ్ళ రేవులోకి ఆడమనిషి శవం కొట్టుకొచ్చిందన్న కబురు విని, కొత్తపేట దిగువనున్న తమ పల్లె నుంచి ఇక్కడిదాకా పడవకి గెడ వేస్తూనే వచ్చాడు. ఇప్పుడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"సరిగ్గా చూసేవా అమ్మా?"

"చూసేను. ఈ పిల్ల చేతినిండా పచ్చబొట్టు. మన చిట్టెమ్మకి సూదంటేనే భయం. పొడిపించుకోమంటే గాదె వెనక దాక్కుంది కాదూ?"

కనకరాజు ఏడుస్తూనే నవ్వాడు.

వీరాయమ్మకి ఒంట్లోకి ఊపిరి తిరిగి వచ్చినట్టయింది. నా కోడలు బతికి ఉంది అనుకుంది. వెంటనే చాప కింద పడుకున్న ఆ బిడ్డను తలుచుకుని సిగ్గుపడింది. ఆ పిల్లకీ ఎక్కడో ఒక ఇల్లుంటుంది. ఆ ఇంట్లో ఇంకా ఎదురుచూస్తూ ఉంటారు.

పడవలోకి వెళ్ళి మూట విప్పి, చిట్టెమ్మ కోసం తెచ్చిన కొత్త చీర తీసింది. ఎందుకు తెచ్చిందో తల్లీకొడుకులిద్దరికీ తెలుసు. దారిలో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ చీర తెచ్చి చాపమీద కప్పి, దణ్ణం పెట్టుకుంది.

కాపలా ఉన్న తలారి జాలిగా చూశాడు. "ఇంతకీ మీ కోడలుగారు ఎటెళ్ళేరోనండి?"

"తెలిస్తే ఈ అగచాటెందుకు నాయనా? పుట్టింట్లో ఎవరూ లేరు. అక్కచెల్లెళ్ళు లేరు."

"అయితే ఏటిగట్టున పూటకూళ్ళ పాకల్లో అడగండి. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వడం మొదలెట్టేక రేవురేవునా పాకలు లేచేయి కదండి. అందరికీ వండే చేతులు కావాలి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఇంత ముద్దా, తల దాచుకునే చోటూ దొరికేది అక్కడేనండి, ఆయ్."

పూటకూళ్ళు అన్న మాట వినగానే వీరాయమ్మ మొహం తిప్పుకుంది.

గొడవంతా ఆ మాట దగ్గరే వచ్చింది. మొన్న ఇసకతిన్నె మీద ఒరిగిపోయిన పడవలోని జనం ఆకలితో గట్టెక్కితే, చిట్టెమ్మ వాళ్ళకి వండి పెట్టింది. అంతవరకూ వీరాయమ్మకీ సంతోషమే. కానీ వెళ్తూ వెళ్తూ వాళ్ళు ఇచ్చిన డబ్బు చిట్టెమ్మ పుచ్చుకుంది. పైగా గట్టుమీద ఓ పాక వేసుకుంటే రోజూ ఇలాగే పెట్టొచ్చంది. 'అన్నం అమ్ముకునే ఆడది నా గడప తొక్కక్కర్లేదు' అని వీరాయమ్మ పదిమందిలో అంది. నిన్న పొద్దున్న లేచి చూస్తే చిట్టెమ్మ లేదు. ఆమె బిందె మాత్రం నీళ్ళ అంచున తేలుతోంది.

"అడుగుదామా అమ్మా?" అన్నాడు కనకరాజు.

"అడక్కపోతే ఎలా? పద."

మురమళ్ళ రేవులో పాక నడిపేది ఆదినారాయణ. బక్కపల్చటి మనిషి. గరిటె చేత్తో పట్టుకుని, వచ్చిన ప్రతి పడవనీ గట్టుమీంచే పిలుస్తాడు. కనకరాజు గుమ్మంలో నిలబడి మాట కదపబోయేసరికి అడ్డు తగిలాడు.

"ఆకు వెయ్యమంటారా, వద్దా? ముందది చెప్పండి బాబూ. వెనక జనం ఉన్నారు."

కనకరాజు తల్లివైపు చూశాడు. వీరాయమ్మ పాక బయటే, చూరు కింద నిలబడి ఏటివైపు చూస్తోంది. అతను వెళ్ళి ఆకు ముందు కూర్చున్నాడు.

నీళ్ళ పులుసు వచ్చింది. అందులో చేపముక్క కనబడలేదు.

"ఇక్కడ వంటకి కొత్తగా ఎవరైనా ఆడమనిషి చేరేరాండి?"

"మా పాకలో వంట నాదేనండి."

"తెలుస్తూనే ఉంది," అంది బయటనుంచి ఆకులోకి తొంగిచూసి వీరాయమ్మ.

బంతిలో కూర్చున్న పడవలవాళ్ళు పకాలున నవ్వారు. ఆదినారాయణ కోపం తెచ్చుకోలేదు. గరిటె కుండకి ఆనించి, "నా భార్య పోయేక ఇంతేనండి," అన్నాడు. "మీరు లంకరేవులో ముసలావిడనడగండి. ఏట్లో వచ్చే పడవా పోయే పడవా ఆవిడ కళ్ళముందునుంచే వెళ్ళాలి."

వీరాయమ్మ పడవకేసి తిరిగి వస్తూ, "నేనలా అనకుండా ఉండాల్సింది," అని గొణుక్కుంది.

పడవ కదిలింది. సముద్రం పోటు మీదుంది, నీరు ఎగువకే నడుస్తోంది. కనకరాజుకి గెడ వేసే పని తేలికైంది.

"ఎలా ఉందిరా పులుసు?"

"మన పిల్ల కాదని తెలిసేక ఏం పెట్టినా బాగానే ఉంటుందమ్మా."

ఆమె చీరకొంగు నీళ్ళలో ముంచి మొహం తుడుచుకుంది. "నా మీద కోపంగా ఉందా?" అని అడిగింది.

కనకరాజు గెడ పైకి తీశాడు. నీళ్ళు దాని పొడుగునా జారి అతని మోచేతుల మీదికి వచ్చాయి.

"ఉందమ్మా."

"మరి ఆ పూట నోరెత్తలేదేం?"

కనకరాజు గెడ మళ్ళీ నీళ్ళలోకి గుచ్చాడు. లంక ఒడ్డు కనపడేదాకా తోస్తూనే ఉన్నాడు.

లంకరేవులో పాక చిన్నది. తాటాకు కప్పు, చుట్టూ దడి, ముందు నీళ్ళలోకి దిగిన తాటిపట్టెల మెట్లు. చేపలు వేగుతున్న వాసన ఏటిమధ్యకే వస్తోంది. పీటమీద కూర్చున్న ముసలావిడ వాళ్ళని కిందినుంచి మీదికి చూసింది.

"ఇద్దరు దిగేరు. ఆకులు రెండేనా?"

"మా అబ్బాయి మురమళ్ళలో తిన్నాడండి. నాకొద్దు. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాం," అంది వీరాయమ్మ.

"నించున్నవాళ్ళతో నేను మాట్లాడనమ్మా. మెడ పట్టేస్తుంది. కూర్చోండి. కూర్చున్నాక ఆకు వెయ్యకపోతే నాకు బాగోదు."

వీరాయమ్మ కొడుకుకేసి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఈసారి సాయం రానని ఆ తిప్పుకోవడంలోనే తెలిసిపోయింది.

ఆమె కూర్చుంది. తెల్లటి అన్నం, చింతచిగురేసి వండిన రొయ్యలు, వేయించిన చిన్న చేపలు ఆకులోకి వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక వీరాయమ్మ డబ్బిచ్చి అన్నం తిన్నది లేదు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడుతుందనుకుంది. పడలేదు. నిన్న పొద్దుటినుంచీ ఆమె కడుపులో ఏమీ లేదు. ముద్ద వెనక ముద్ద దిగిపోయింది. కూర రుచిగా ఉంది. ఇంత రుచిగా ఉండకపోతే బాగుండుననిపించింది ఆమెకి.

"ఇప్పుడడగండి," అంది ముసలావిడ.

"మా కోడలండి. చామనచాయ. పొడుగ్గా ఉంటుంది."

"నవ్వితే ఎడం బుగ్గ సొట్ట పడుతుంది," అంది ముసలావిడ.

కనకరాజు మెట్లమీంచి ఒక్క ఉదుటున లోపలికి వచ్చాడు.

"ఇక్కడికొచ్చింది బాబూ. దిగువకెళ్ళే పడవలో వచ్చి దిగింది. పెట్టింది తిని, గిన్నెలన్నీ తోమిపెట్టింది. ఊరేదమ్మా అంటే చెప్పలేదు. ముక్తేశ్వరం రేవులో పాక నడిపే మరిడమ్మ చెయ్యి గంజి పడి కాలిందని, వంటకి మనిషి లేక అల్లాడుతోందని అప్పుడే ఎవరో అన్నారు. నేను వెళ్తానంది. ఎగువ పడవ ఎక్కించి పంపేను."

"బాగానే ఉందాండి?" అన్నాడు కనకరాజు.

"బాగోకేం? దిగులుగా ఉందనుకో. ఒక్కసారే నవ్వింది."

"ఎప్పుడు?" అని అడిగింది వీరాయమ్మ.

"మీ అత్త ఎలాంటిదమ్మా అని అడిగేను. నవ్వి, 'వంట బాగా చేస్తారండి, నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను' అంది. అంతే, ఇంకేం చెప్పలేదు."

వీరాయమ్మ చెయ్యి ఆకులో ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రొయ్యల కూర కారంగా ఉందని ఎవరూ అడక్కుండానే అంది.

"కారం వెయ్యలేదే నేను," అంది ముసలావిడ.

ముక్తేశ్వరం రేవు చేరేసరికి ఎండ వాలింది. అవతల కోటిపల్లి నుంచి దాటివచ్చిన బల్లకట్టు మీంచి జనం దిగుతున్నారు. బళ్ళవాళ్ళు, కాలవ పనికి పోయే కూలీలు, మూటలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. గట్టుమీద సగం, నీళ్ళమీద సగంగా తాటిదుంగల మీద నిలబెట్టిన పెద్ద పాక మరిడమ్మది. కూర్చుని తింటూంటే కింద నీళ్ళు పారే చప్పుడు వినపడుతుందని ఆ పాకకి పేరు. పొద్దు పొడవకముందు ఇదే రేవు ముందునుంచి, పక్కకైనా చూడకుండా, దిగువకి వెళ్ళిపోయారు తల్లీకొడుకులు.

మరిడమ్మ కుడిచేతికి పాతగుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చుంది. భారీ మనిషి. వచ్చినవాళ్ళని ఎడంచేత్తోనే వరసగా లోపలికి పంపుతోంది.

వీరాయమ్మ నోరు తెరిచేలోపలే లోపలినుంచి గొంతు వినపడింది.

"రెండో బంతికి ఆకులు వేసెయ్యండి. అన్నం వారుస్తున్నాను."

ఆ గొంతు ఇంట్లో రోజూ విన్నదే. పొద్దున్న లేస్తే 'అత్తగారూ, చల్ల చెయ్యనాండి' అనే గొంతే. వీరాయమ్మ పాక గుంజ పట్టుకుంది. ఇక్కడే ఇలాగే కూర్చుండిపోవాలనిపించింది.

చిట్టెమ్మ అన్నం తట్ట పట్టుకుని ఇవతలికి వచ్చింది. చెమటకి బొట్టు కరిగి ముక్కుమీదికి కారింది. అత్తగారిని చూసి ఆగిపోయింది. ఆమె వెనక మొగుణ్ణి చూసి తట్ట కింద పెట్టింది.

బంతిలో వాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

"కూర్చోండి అత్తగారూ. ఆకు వేస్తాను."

"తిని వచ్చేను."

"ఎక్కడండి?"

"లంకరేవులో."

చిట్టెమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మీరా? పూటకూళ్ళ పాకలోనా?"

"ఆకలేసింది," అంది వీరాయమ్మ. "ఏట్లో బిందె వదిలేసి వెళ్తావా? ఏమనుకోమంటావు మమ్మల్ని? మురమళ్ళలో చాప ఎత్తి చూసొచ్చేను నేను. ఈ చేతుల్తోనే ఎత్తి చూసేను."

చిట్టెమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "అయ్యో, బిందె... నీళ్ళకనే వెళ్ళేనండి. పడవ వెళ్తూంటే కేకేసి ఎక్కేసేను. బిందె సంగతే గుర్తులేదు. మీరలా అనుకుంటారని నాకు తోచనేలేదండి."

ముందు ఎవరు కదిలారో తెలియదు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. మరిడమ్మ గుమ్మంలోంచి, "ఆ అన్నం చల్లారిపోతోంది, ఎవరో ఒకరు వడ్డించండమ్మా," అని కేకేసింది. చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుని వడ్డనకి వెళ్ళింది.

రెండో బంతి లేచాక ముగ్గురూ పాక వెనక మెట్లమీద కూర్చున్నారు.

"ఇంటికి పద," అంది వీరాయమ్మ. "ఆ పూటన్న మాట నేను మళ్ళీ అనను."

"మీరన్న మాటకి వెళ్ళలేదండి." చిట్టెమ్మ నీళ్ళకేసి చూస్తూ అంది. "మీకు కోపం వస్తుంది, మళ్ళీ మీరే పిలిచి అన్నం పెడతారు. నాకు తెలుసు. ఈయన వింటూ నించున్నారు. అవునని అన్లేదు, కాదని అన్లేదు. అందుకు వెళ్ళేను."

కనకరాజు అరచేతులు చూసుకున్నాడు. గెడ రాపిడికి బొబ్బలు లేచాయి.

"నాకు మాట రాలేదు," అన్నాడు.

"ఇప్పుడొస్తుందాండి?"

అతను తల వంచుకున్నాడు. వీరాయమ్మ కొడుకు తరఫున ఏదో అనబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. జవాబు అతను చెప్పాల్సిందే. కింద నీళ్ళు దుంగలకి తగిలి గలగలమంటున్నాయి.

"ఎలాగూ ఇప్పుడు రాలేనండి," అంది చిట్టెమ్మ. "మరిడమ్మగారి చెయ్యి మానేదాకా ఉంటానని మాటిచ్చేను."

"మాటిస్తే ఉండాల్సిందే," అంది వీరాయమ్మ. "అయితే నేనూ ఉంటాను."

ఇద్దరూ ఆమెకేసి చూశారు.

"ఎందుకలా చూస్తారు? మళ్ళీ ఇంటికెళ్ళి, నువ్వెలా ఉన్నావో అని గుమ్మంలో కూర్చుని ఏటికేసి చూడలేను. నాకా ఓపిక లేదు. నువ్వు నా కళ్ళెదట ఉండాలి. ఇక్కడుంటే ఇక్కడే."

"అన్నం అమ్మే చోటండి అత్తగారూ."

"నేను అమ్మను. వండుతాను." వీరాయమ్మ కొంగు నడుముకి బిగించింది. "గట్టుమీద పాక సంగతి మాత్రం నాతో ఇప్పుడు ఎత్తకు."

"నేనెత్తలేదండి."

"ఎత్తకు మరి."

చిట్టెమ్మ ఎడం బుగ్గ సొట్ట పడింది.

ఇంటి దగ్గర పశువులున్నాయి. కనకరాజు వెళ్ళక తప్పదు. అతను పడవెక్కి గెడ చేతిలోకి తీసుకున్నాడు. అత్తాకోడళ్ళు మెట్ల చివర నిలబడ్డారు.

"అమ్మా, మనవాళ్ళడిగితే ఏం చెప్పను?"

"ఏం చెప్పాలో నువ్వే చూసుకో. ఈసారి నేను అందివ్వను."

పడవ ఏటిమధ్యకి పోయిందో లేదో, ఎగువనుంచి మరో పడవ ఎదురొచ్చింది. ముందు నిలబడ్డ మనిషిని వీరాయమ్మ తలపాగా చూసే పోల్చుకుంది. తన మరిది నూకరాజు. కులంలో అతను ఎంతంటే అంత. అతను వద్దన్న ఇంటి గుమ్మం మిగతావాళ్ళు తొక్కరు. వెనక నలుగురైదుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. కబురు విని మురమళ్ళకే బయల్దేరినట్టున్నారు.

"ఏరా కనకరాజూ," అని నూకరాజు కేకేశాడు. నీళ్ళమీద ఆ గొంతు గట్టుదాకా స్పష్టంగా వచ్చింది. "చూసేరా? మన పిల్లేనా?"

చిట్టెమ్మ చెయ్యి అత్తగారి చేతిమీద పడింది. వీరాయమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది. కాదు, ఇంకా దొరకలేదు బాబాయ్ అని ఒక్క మాటంటే చాలు, ఈ పూటకి గడిచిపోతుంది. ఇన్నాళ్ళూ వాడు అలాగే గడిపాడు.

కనకరాజు గెడ నేలకి గుచ్చి పడవ ఆపాడు.

"కాదు బాబాయ్," అన్నాడు. తరవాత ఇంకా గట్టిగా, గట్టుమీద బళ్ళవాళ్ళు కూడా తలెత్తి చూసేటంత గట్టిగా అన్నాడు. "నా భార్య బాగానే ఉందండి. అదుగో, ఆ పాకలో పదిమందికీ వండి పెడుతోంది. నాకిష్టమేనండి. మా అమ్మా అక్కడే ఉంది. మీరంతా ఎప్పుడు తిన్నారో ఏమో. దిగి, భోంచేసి వెళ్ళండి."

ఏటిమధ్య రెండు పడవలూ నిలిచిపోయాయి. నూకరాజు గట్టుకేసి చూశాడు. వీరాయమ్మ తల దించుకోలేదు. పక్కన చిట్టెమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో చూడకుండానే ఆమెకి తెలుస్తోంది. వీరాయమ్మకి మాత్రం భయం వెయ్యలేదు. పొద్దున్న ఆ చాప ఎత్తి వచ్చాక ఇంకే భయమూ ఒంటికి అంటడం లేదు.

నూకరాజు వెనక్కి తిరిగి పెద్దలతో ఏదో అన్నాడు. వాళ్ళలో ఒకరు తల అడ్డంగా ఊపారు. ఇంకొకరు లేచి నిలబడ్డారు. ఏమనుకుంటున్నారో ఇక్కడికి వినపడలేదు.

అంతలో ఆ పడవ ముక్కు మెల్లగా రేవువైపు తిరిగింది.

"తినడానికాండి, తిట్టడానికా?" అంది చిట్టెమ్మ, గొంతు తగ్గించి.

"దేనికొచ్చినా పొద్దు పోయింది, ఆకలి మీదుంటారు," అంది వీరాయమ్మ. "నువ్వెళ్ళి ఆకులు కడుగు. పులుసు నేను చూస్తాను."